ట్యాంకర్ బరాత్

ఆ గురువారం ఉదయానికి వాగ్దేవి వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆరున్నరకు మర్ఫా డప్పుల వాళ్లు పాతబస్తీలోని గౌలిపురా సందు మొగలో దిగుతారు. ఏడింటికి నీళ్ల ట్యాంకర్ వస్తుంది. పది నిమిషాల రికార్డింగ్. ఏడున్నరకు ఎవరి దారిన వాళ్లు పోతారు. గుడిలో అర్చకులైన తండ్రి శ్రీపాద గారు తొమ్మిదిన్నరకు ఇల్లు చేరేసరికి సందులో తడి నేల తప్ప ఇంకే ఆనవాలూ ఉండదు.

వాగ్దేవి పాప్-పంక్ గాయని. అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, ఎదురింటి కమల "గిటార్ కొట్టుకుంట తిట్టుడు" అని చెప్పేది. నాలుగేళ్ల కింద వచ్చిన మొదటి ఆల్బం 'లొల్లి'లో తొమ్మిది పాటలుంటే తొమ్మిదీ అరుపులే. అందులో నాలుగోది 'తలుపు'. మొదటి కచేరీ ముగించుకొని, వానలో తడిసి ఇంటికొచ్చిన కూతురికి తలుపు తీయని తండ్రి మీద ఆ పాట. పాటలో పేరు లేదు కాని తలుపు ఆకుపచ్చదని ఉంది. గౌలిపురాలో అయ్యగారి ఇంటి తలుపు ఏ రంగో తెలియని వాళ్లు లేరు. నగరంలోని కాలేజీ పిల్లలంతా గొంతులు చించుకొని ఆ పాట పాడారు. శ్రీపాద గారు ఒక్క మాట అనలేదు. అప్పటినుంచి ఆ తండ్రీకూతుళ్లు ఒకే కప్పు కింద ఉంటూ కూరగాయల గురించి మాట్లాడుకున్నారు, కరెంటు కోత గురించి మాట్లాడుకున్నారు, పాట గురించి మాత్రం ఎత్తలేదు.

రెండో ఆల్బం పేరు 'సిమ్‌ల పెట్టు'. పొయ్యి మీద పాలు పొంగుతుంటే, మంట తగ్గించమని ఆ సందులో ఇంటింటా వినబడే మాట అది. ఇందులో తిట్లు లేవు. గుడి ముందు ఎడమ కాలి చెప్పు ఒక్కటే పోగొట్టుకున్న మనిషి మీద ఒక పాట, కదలనని మొండికేసిన కమల స్కూటీ మీద ఒక పాట, వంటింటి కిటికీలో కాపురం పెట్టిన పావురాల మీద ఒక పాట. రికార్డింగు చూసే సంకేత్‌కు ఇది మొదట మింగుడు పడలేదు. వాళ్ల అమ్మానాన్నలు ఉద్యోగాల మీద కాకినాడ నుంచి వచ్చి స్థిరపడ్డారు. పాతికేళ్లయినా ఇంట్లో యాస మారలేదు.

"అరుపు లేకపోతే మీ ఫ్యాన్స్ ఊరుకుంటారంటారా?" అని అడిగాడు.

"నాలుగేండ్లు అర్సిన సంకేత్. అర్సుడు అల్కగనే ఉంటది. నవ్వుకుంట పాడుడే కష్టం. గదే నేర్చుకుంటున్న."

మిగిలింది చివరి పాట 'ట్యాంకర్ బరాత్', అంటే ట్యాంకర్ పెళ్లి ఊరేగింపు. రోజు విడిచి రోజు సందులోకి వచ్చే నీళ్ల ట్యాంకరే పెళ్లికొడుకు. బిందెలు, బకెట్లు, వాటి కోసం పడే కొట్లాట, అంతా కలిసి ఆడపెళ్లివారు. దానికి ఎదురు సన్నాహం మర్ఫాతో. మర్ఫా అంటే పాతబస్తీలో పెళ్లి ఊరేగింపుల ముందు మోగే డప్పులు. శుక్రవారం నుంచి పెళ్లిళ్లు మొదలు, ఆ తరవాత నెలరోజులు మర్ఫా వాళ్లు దొరకరు. వాగ్దేవి తొందరకు ఇంకో కారణం కూడా ఉంది, అది ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. ఈ ఆల్బంలో ఒక్క పాటైనా తండ్రి వినాలి. ఆయన ముందు నిలబడి "ఇది విను నాన్నా" అనాలంటే చేతిలో కోపం లేని పాట ఉండాలి, అది ఈ పాటే కావాలి. మిగతావన్నీ ఆమె సరదా కోసం కట్టినవి. ఇది మాత్రం ఆయన కోసం కట్టింది.

అందుకే సందులో ఎవరికీ చెప్పలేదు. ముందే చెబితే జనం మైకు చూసి ముద్దుముద్దుగా మాట్లాడతారని, అసలైన కొట్లాట దొరకదని భయం. కళాకారులకు అప్పుడప్పుడు ఇలాంటి పట్టుదలలు కలుగుతుంటాయి, దాని ఖర్చు ఇరుగుపొరుగు భరిస్తారు. ఇక సంకేత్ తన వంతుగా చేసింది రెండు పనులు. మర్ఫా పెద్ద సాలెం భాయ్‌కి పాట కథంతా వివరించకుండా, దూల్హా, అంటే పెళ్లికొడుకు, ఏడింటికి వస్తాడని, బండి మలుపు తిరగగానే వాయించమని ఫోనులో చెప్పాడు. వాళ్లు ఎక్కడికి రావాలో చెప్పడానికి వాగ్దేవి ఇంటి లొకేషన్ పంపాడు. గుమ్మం ముందు మర్ఫా దిగితే ఆ ఇంట్లో పెళ్లని పాతబస్తీలో పాలుతాగే పిల్లకు కూడా తెలుసు. కాకినాడ వాళ్ల ఇంట్లో పెరిగిన సంకేత్‌కు తెలియదు.

బార్కస్ బస్తీ నుంచి సాలెం భాయ్ ఏడుగురు మనుషులతో ఆరుకే దిగాడు. మర్ఫా తోళ్లు పొద్దుటి చలికి వదులవుతాయి, వాటిని మంట మీద కాచి బిగించుకోవాలి. అయ్యగారి ఇంటి ముందు అట్టముక్కలు పోగేసి మంట పెట్టారు. వాకిట్లో చల్లడానికి నీళ్ల బకెట్‌తో బయటికొచ్చిన కమల అక్కడే ఆగిపోయింది.

"ఏంది భాయ్, ఎవరింట్ల?"

"అయ్యగారు కే ఘర్ మే, అమ్మా. దూల్హా సాత్ బజే ఆతా కతే."

"పెండ్లికొడుకు ఏడింటికి వస్తడా? ఎవరికి పెండ్లి?"

"వో గానే వాలీ బచ్చీ హై నా," అన్నాడు సాలెం భాయ్, తోలు మీద వేలితో కొట్టి చూసుకుంటూ. తమను ఎవరు పిలిపించారని అడుగుతున్నారనుకొని, ఆ పాటలు పాడే పిల్లే అని చెప్పాడు.

అంతలో ఆటో వచ్చి నలభై మూరల బంతిపూల దండలు దింపి పోయింది. అవి ట్యాంకర్‌కు కట్టడానికి.

కమల బకెట్ పక్కన పెట్టి అరుగు మీద కూలబడింది. వాగ్దేవికి తొమ్మిదేళ్లప్పుడు తల్లి పోయింది. అప్పటినుంచి ఆ పిల్లకు జడలు వేసింది కమల, పరీక్షలకు చద్దన్నం కలిపి పెట్టింది కమల, తలుపు తెరుచుకోని వాన సాయంత్రం పక్క పరిచింది కూడా కమలే. అంతటి తనకు మాటమాత్రం చెప్పకుండా పెళ్లి. పైగా తండ్రి గుడిలో ఉండే వేళ చూసుకొని పెట్టుకున్న ముహూర్తం. కమల రెండు నిమిషాలు ఏడ్చింది, కళ్లు తుడుచుకుంది, తరవాత లేచింది.

"నన్ను పిలువకపోతే పోనీ," అంది భర్త విశ్వేశ్వర్‌తో. "తల్లి లేని పిల్ల. ఒడిబియ్యం ఎవరు పోస్తరు? నేనే పోస్త. నువ్వు గుడికి వొయ్యి అయ్యగారిని తోల్కరా. తండ్రి లేకుంట కన్యాదానం ఎట్లయితది?"

ఒడిబియ్యం అంటే పెళ్లయ్యే బిడ్డ కొంగులో పుట్టింటి వాళ్లు పోసే పసుపు కలిపిన బియ్యం. కమల ఐదు శేర్లు కొలిచి పసుపు కలిపింది, కొబ్బరి గిన్నెలు, ఖర్జూరాలు, కొత్త రవికె గుడ్డ పళ్లెంలో సర్దింది. ఇది రహస్య వివాహం కాబట్టి ఎవరికీ చెప్పవద్దని పదకొండు ఇళ్లకు వెళ్లి చెప్పి వచ్చింది.

గుడిలో అప్పుడు తీర్థం ఇవ్వడం పూర్తయి శఠారి మొదలైంది. శఠారి అంటే స్వామి పాదాలున్న వెండి కిరీటం, అర్చకుడు భక్తుల తల మీద పెట్టి దీవిస్తాడు. విశ్వేశ్వర్ వచ్చి, భార్య చెప్పిన మాటలు ఒక్కటీ జారిపోకుండా అప్పజెప్పాడు.

"అయ్యగారూ, మీ ఇంటి ముంగట మర్ఫా దిగింది. పూలు దిగినయి. ఏడింటికి పెండ్లికొడుకు వస్తడట. మిమ్ముల తోల్కరమ్మని మా ఇంటామె తోలింది."

"పెండ్లి ఎవరికి?"

"వాగ్దేవికి."

ముప్పై ఒక్క ఏళ్లలో శ్రీపాద గారు సేవ మధ్యలో గుడి దాటలేదు. ఆ రోజు దాటారు. విశ్వేశ్వర్ స్కూటర్ ఎక్కమంటే, "మడి కట్టుకొని ఉన్న, నిన్ను ముట్టుకోవద్దు" అని నడక సాగించారు. విశ్వేశ్వర్ నడక వేగంతోనే స్కూటర్ నడుపుతూ, హారన్ కొడుతూ వెనక వచ్చాడు. దారిలో ఆకుకూరల బండి దగ్గర ముసలమ్మ ఎందుకు తలవంచి నిలబడిందో మొదట ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన తన చేతివైపు చూసుకున్నారు. శఠారి చేతిలోనే ఉంది.

వెనక్కి పోవడానికి సమయం లేదు. వంచిన తలను దాటిపోవడం ఆయనకు చేతకాదు. ముసలమ్మ తల మీద పెట్టారు. ఇస్త్రీ బండి మనిషి తలవంచాడు, పాల ప్యాకెట్లు పంచే ఆమె తలవంచింది, గస్తీ ముగించుకొని పోతున్న ఇద్దరు పోలీసులు టోపీలు తీసి మరీ తలలు వంచారు. మనసులో కూతురి మీద బాధ సుళ్లు తిరుగుతుంటే, చెయ్యి మాత్రం దాని పని అది చేసుకుపోయింది. గుడిలో తీర్థం పుచ్చుకొని శఠారి అందని పదకొండు మంది, అది ఎటు పోతే తామూ అటే అని వెంట నడిచారు. దీవెన అందిన వాళ్లు ఇదేదో ఉత్సవమనుకొని కలిశారు. ఎనిమిది నిమిషాల దారి ఇరవై రెండు నిమిషాలు పట్టింది, సందు మొగ చేరేసరికి ఆయన వెనక నలభై మంది ఉన్నారు.

ఈ గంటా వాగ్దేవి డాబా మీద, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని, మైకులు సరిచూసుకుంటోంది. కింద లేచిన కలకలం లీలగా వినబడి, జనం నీళ్లకు వస్తున్నారని సంతోషించింది. ఆరూ యాభైకి హెడ్‌ఫోన్లు తీయకుండానే, చేతిలో మైకుతో కిందికి దిగి చూస్తే, అరుగుల నిండా పట్టుచీరలు. ఒక్కరి చేతిలో కూడా బిందె లేదు.

"చిన్నమ్మా, బిందెలేవి?" అని అడిగింది కంగారుగా.

"గీ పొద్దు బిందెలెందుకే నీకు!" కమల ఆమె భుజాల మీద కొత్త తువాలు కప్పి, దాని కొంగు చేతుల్లో పెట్టి, ఏడుస్తూ బియ్యం పోయడం మొదలుపెట్టింది. బియ్యం జలజలా రాలి ఒడి నిండింది. ఒక చేతిలో మైకు ఉండటంతో వాగ్దేవి వారించలేకపోయింది.

"పెండ్లి గిట్ల ఏం లేదు చిన్నమ్మా! పాట రికార్డింగ్!"

"పెండ్లిల పాటలుండయా? ఇంక దాచకు బిడ్డా. నేనేమన్న అంటినా?"

ఎంత కాదంటే అంత అవునని అర్థమయ్యే ఘడియ అది. సరిగ్గా అప్పుడే బంతిపూల దండలతో ట్యాంకర్ మలుపు తిరిగింది. సాలెం భాయ్ మాట తప్పే మనిషి కాదు, మర్ఫా దద్దరిల్లింది. సందు మొగలో బండికి దండలు కట్టిన సంకేత్, మిగిలిన ఒక దండను డ్రైవర్ బసవయ్య మెడలో వేశాడు. పదిహేడేళ్లుగా ఊరికి నీళ్లు మోస్తున్నా తనకు ఎవరూ పువ్వు కూడా ఇవ్వలేదు. బసవయ్య కళ్లు చెమర్చి, బండి దిగి, అందరికీ చేతులు జోడించాడు.

కమల పళ్లెం దించి అరుగు మీద పెట్టింది. "గీయననా? బసవయ్యా, నీకు ముగ్గురు పిల్లలు గదా!"

"నలుగురమ్మా," అన్నాడు బసవయ్య, నిజం దాచడం ఇష్టం లేక.

అప్పుడు శ్రీపాద గారు వచ్చారు. మర్ఫా ఆగిపోయింది. తడి పంచె, చెమట పట్టిన నామం, చేతిలో శఠారి, వెనక నలభై మంది. ఆయన బసవయ్య మెడలో దండను చూశారు, కూతురి ఒడిలో బియ్యం చూశారు. ఇక పిడుగు పడుతుందని సందంతా రెండడుగులు వెనక్కి జరిగింది.

"పురోహితుడు ఎవరు?" అని అడిగారు.

"నాన్నా..."

"నేను ఆపనీకె రాలే. ముప్పై ఒక్క ఏండ్లు మందికి పెండ్లిళ్లు చేసిన. నా బిడ్డ పెండ్లిల ఒక్క మంత్రం తప్పు పోవద్దని ఉరికొచ్చిన. నువ్వు చెప్తే నేను వద్దంటనా?"

తండ్రి కోప్పడితే ఏమనాలో వాగ్దేవికి తెలుసు, నాలుగేళ్లుగా దాచిపెట్టుకున్న జవాబులు ఎన్నో ఉన్నాయి. అవేవీ ఇప్పుడు పనికిరావు. తల వంచుకొని అసలు సంగతి చెప్పింది.

"పెండ్లి గాదు నాన్నా. పాట. నీళ్ల ట్యాంకర్ పెండ్లికొడుకు లెక్క వస్తదని పాట కట్టిన. నీకు ఇనిపియ్యాలని కట్టిన."

"తప్పంతా నాదేనండీ," అని సంకేత్ ముందుకొచ్చాడు. "దూల్హా అంటే ట్యాంకరండి."

శ్రీపాద గారు పూలు కట్టిన ట్యాంకర్‌ను ముందు నుంచి వెనక దాకా చూశారు. "ట్యాంకరా?"

"అవునండీ."

సందులో ఎవరూ ఎవరి ముఖం వైపూ చూడలేదు. పట్టుచీరలు ఒక్కసారిగా బరువెక్కాయి. ముందుగా తేరుకున్నది బసవయ్య. "అయ్యగారూ, ఎనిమిదింటికి నేను లాల్‌దర్వాజల ఉండాలె. నీళ్లు పట్టుకుంటరా, పొమ్మంటరా?"

ఇక ఆ తరవాత జరిగినది మనుషులు చేసినది కాదు, నీళ్లు చేయించినది. పట్టుచీరలు దోపుకొని ఆడవాళ్లు ఇళ్లలోకి పరుగెత్తారు. బిందెలు, బకెట్లు, పెయింట్ డబ్బాలు బయటికొచ్చాయి. శఠారి వెంట వచ్చిన నలభై మంది తమకూ నీళ్లు కావాలన్నారు. ఈ సందు నీళ్లు ఈ సందుకే అని కమల అడ్డం తిరిగింది. పైపు ఒక్కటే, దాని మీద ఇరవై చేతులు. బిందె బిందెకు తగిలి మోగింది, ఎవరో జారిపడ్డారు, బసవయ్య దండ తెగి పూలు నీళ్లలో తేలాయి. వాగ్దేవి నెల రోజులుగా కలగన్న కొట్లాట, దానికి పదింతలై కళ్ల ముందు జరుగుతోంది. ఒడిలో బియ్యం ఒంటి చేత్తో పట్టుకొని, రెండో చేత్తో మైకు పైకెత్తింది.

గుంపు మధ్యలో నలిగిపోతున్న శ్రీపాద గారు శఠారిని రెండు చేతులతో తల మీదికి ఎత్తి పట్టుకున్నారు. వైకుంఠ ఏకాదశి నాడు మైకు లేకుండా వేలమందిని నడిపించే మనిషి ఆయన. నోరు అలవాటు కొద్దీ తెరుచుకుంది.

"ఆగుండ్రి! వరుస! వరుస! ముసలోల్లు ముందట! బిందె ఎత్తు, తొయ్యకు!"

హెడ్‌ఫోన్లలో ఆ కేక విని వాగ్దేవి ఉలిక్కిపడింది. బొడ్డులోంచి లేచి, ఛాతీలో గట్టిపడి, చివర కొద్దిగా చీలే కేక. మూడో మాట దగ్గర పైకి ఎగిరి అక్కడే నిలబడే కేక. ఆ చీలిక కోసమే కదా కాలేజీ పిల్లలు తన పాటలకు ఎగబడింది. తాను గదిలో తలుపులు బిగించుకొని సొంతంగా సాధించానని నమ్మిన గొంతు, నాలుగేళ్లు ఆయన మీద అరవడానికి వాడిన గొంతు, ఆయనదే. ఆమెకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి, మైకు మాత్రం కదలనివ్వలేదు. సాలెం భాయ్ కూడా తాళం దొరికితే వదిలే మనిషి కాదు. "వరుస! వరుస!" అన్న చోట మర్ఫా పడింది, ఆ దెబ్బకు జనం నిజంగానే వరుసలో నిలబడ్డారు.

మధ్యాహ్నం, శఠారికి గుడిలో సంప్రోక్షణ చేసి, స్నానం చేసి, భోజనం ముగించాక, శ్రీపాద గారు డాబా మీది గదికి తనంతట తానే వచ్చారు. నాలుగేళ్లలో ఇదే మొదటిసారి. వాగ్దేవి హెడ్‌ఫోన్లు ఇచ్చింది. బియ్యం రాలే చప్పుడుతో పాట మొదలైంది. ఆయన కళ్లు మూసుకొని, తొడ మీద వేళ్లతో తాళం వేస్తూ విన్నారు.

"ఇంకోపారి పెట్టు."

పెట్టింది. అయ్యాక మళ్లీ పెట్టమన్నారు. మూడోసారి విన్నాక హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"మంచిగున్నది. గా తలుపు పాట కంటె మస్తు నయం."

"గది నువ్వు ఇన్నవా నాన్నా?"

"ఊరంత ఇన్నది, నేను ఇననా? గాని బిడ్డా, గా పొద్దు తలుపు నేను వెయ్యలే. వానకు ఉబ్బి కర్సుకపోయింది. లోపల నేను గుంజుతున్న, బయట గొళ్లెం పట్టి నువ్వు గుంజుతున్నవ్. కోపంల తలుపు ఎటు తెరుస్తదో నీకు యాదికి లేకపాయె. నేను పిల్సిన. కచేరిల డప్పుల దగ్గర్నించి వచ్చినవు గదా, చెవులు గుయ్యిమంటుండెనేమో. నేను ఎనక తలుపు తీసి సందుల్నించి బయటికొచ్చేటాలకు నువ్వు కమల ఇంట్ల పండుకున్నవ్."

ఒక ఆల్బం, నూటపది కచేరీలు, నాలుగేళ్ల మౌనం, అన్నీ కలిసి ఒక ఉబ్బిన తలుపు మీద నిలబడి ఉన్నాయి.

"మరి చెప్పకపోతివేంది నాన్నా, ఇన్నేండ్లు?"

"నువ్వు అడగకపోతివి." ఆయన హెడ్‌ఫోన్లు ఒళ్లోంచి తీసి బల్ల మీద పెట్టారు. "పాట కూడ మంచిగ నడుస్తుండె. నడిమిట్ల నేను ఎందుకని ఊకున్న."

మరుసటి వారం వడ్రంగి వచ్చి తలుపును అంగుళంలో పావు వంతు చిత్రిక పట్టి పోయాడు. వర్షాకాలం మొదట్లో ఆల్బం వచ్చింది. ఈ గాయని అరుపు నుంచి నవ్వుకు ఎదిగిందని, 'ట్యాంకర్ బరాత్' పాటలో వినిపించే రెండో గొంతు ఎవరిదో గాని ఆమెకన్నా ఆవేశంగా ఉందని ఒక పత్రిక రాసింది. శ్రీపాద గారు ఆ ముక్క కత్తిరించి పంచాంగంలో పెట్టుకున్నారు.

ఒడిబియ్యం ఒక్కటే తేలని వ్యవహారమైంది. ఒడిలో పడిన బియ్యాన్ని వాపసు తీసుకునే ఆచారం తమ ఇంట లేదని కమల తెగేసి చెప్పింది, కాబట్టి సందు లెక్కలో వాగ్దేవి పెళ్లి జరిగిపోయినట్టే. ట్యాంకర్ మలుపు తిరగగానే "అల్లుడొచ్చిండు, బిందెలు తేండ్రి!" అని ఇప్పుడు కమలే కేకేస్తుంది.

రోజు విడిచి రోజు వేళకు వచ్చి, నీళ్లిచ్చి, కాఫీ కూడా అడగకుండా వెళ్లిపోయే అల్లుడు గౌలిపురాలో ఇంతవరకు మరొకడు లేడు.